మూడు పుట్ల జొన్నలు

సోమశిల రేవు

పడవ దిగుతూనే మోకాలి దాకా బురదలో కూరుకుపోయాను. ఎండలకు కృష్ణ వెనక్కి జరిగిపోయి, ఒడ్డు అనుకున్నదంతా నల్లని ఒండ్రుగా మిగిలింది. చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకామె అది చూసి పగలబడి నవ్వి, "ఓ పెద్దాయనా, ఏటికి చెప్పు మొక్కుకున్నవా ఏంది?" అంది. పడవ నడిపే రాములు నా చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. ఎనభై దాటిన మనిషిని గోనెసంచిని లాగినట్టు లాగుతారా అని కోప్పడ్డాను. అతను ఏమీ అనుకోకుండా ఎక్కడినుంచో నీలం రంగు చెప్పు ఒకటి తెచ్చిచ్చాడు. మిగిలిన ప్రయాణమంతా ఒక కాలికి నల్లది, ఒక కాలికి నీలంది వేసుకునే తిరిగాను.

సోమశిలకు వచ్చేవాళ్లు గుడికి వస్తారు, లేకపోతే పడవ ఎక్కి ఫోటోలు తీసుకోవడానికి వస్తారు. నేను రెండింటికీ రాలేదు. ఎందుకు వచ్చానో ముందే చెప్పేస్తాను, దాచుకోవడానికేమీ లేదు.

మా ఊరు ఏటికి ఇవతల, కర్నూలు వైపు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, ఏటికి అవతల మాత్రం ఇంకా నిజాం రాజ్యమే నడుస్తున్న రోజుల్లో మా ఊరి పక్క తోటలో ఒక క్యాంపు ఉండేది. అవతలి నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, మా వైపు పిల్లలు కలిసి అందులో ఉండేవాళ్లు. వాళ్లలో పదకొండు మంది తుపాకులు పట్టుకొని నిజాం గడ్డ మీదికి పోయారు. వనపర్తి దిక్కున సుంకాలు వసూలు చేసే ఒక నాకాను పట్టుకొని దాని మీద జెండా ఎగరేసి రావాలని. పట్టుకోలేకపోయారు. వెనక్కి ఏటి దాకా పరుగెత్తి వచ్చేసరికి, వాళ్లను దాటించడానికి ఉండాల్సిన పుట్లు అక్కడ లేవు. పుట్టి అంటే మా వైపు వెదురుతో బుట్టలా అల్లి అడుగున తోలు కట్టే గుండ్రటి పడవ. వెంట తరుముకొచ్చిన నిజాం పోలీసుల చేతుల్లో ఏడుగురు ఆ ఒడ్డునే చనిపోయారు. నలుగురు ఏటి వెంబడి నడుచుకుంటూ సోమశిల దాకా వచ్చి, ఇక్కడ దాటి ఇల్లు చేరారు.

పుట్లు ఏర్పాటు చెయ్యమని అవతలికి కబురు పంపినవాడు మా నాన్న. క్యాంపులో చదవడం, రాయడం వచ్చినవాడు ఆయనే. చీటీ రాస్తే దొరికిపోతారని, గాజులు అమ్ముకునే ఒకాయనతో నోటిమాట పంపించాడు. తిరిగి వచ్చిన నలుగురూ చెప్పింది ఇదీ: ఒడ్డున పుట్లు లేవు, జొన్నల మూటలు గుట్టగా ఉన్నాయి. ఆ కరువు రోజుల్లో అన్ని జొన్నలు అక్కడ ఎవరి కోసం పెట్టినట్టు? వారం తిరగకుండా ఊరు జవాబు చెప్పేసింది. "మూడు పుట్లు తెప్పించమంటే మూడు పుట్ల జొన్నలకు పిల్లోళ్లను అమ్ముకున్నాడు." పుట్టి అంటే మా వైపు ధాన్యం కొలత కూడా.

అప్పుడు నాకు మూడేళ్లు. ఆ మాటతోనే పెరిగాను. బడి నడిచేది ఆ ఏడుగురిలో ఒకాయన ఇంటి వసారాలో. రెండో తరగతిలో ఉండగా నన్ను మెడపట్టి బయటికి గెంటారు. ఆ తర్వాత నేను చదివిందంతా అంగట్లో బెల్లం చుట్టిచ్చిన కాగితాల మీదే. అందుకే నా చదువుకు వరస ఉండదు, కోపానికి మాత్రం ఉంటుంది.

ఈ ఏడు మా అక్క మంచం పట్టింది. నాకంటే ఏడేళ్లు పెద్ద. ఒకరోజు నన్ను పిలిచి, "నాయన అమ్మినాడో లేదో కనుక్కొని రారా. తెలుసుకొని పోతా," అంది. అదీ సంగతి. ఆ నలుగురు వచ్చిన దారినే వెనక్కి పోదామని సోమశిల నుంచి మొదలుపెట్టాను.

వాళ్లు దాటిన రేవు చూపించమంటే రాములు నీళ్ల మధ్యకు చెయ్యి చాపాడు. "పాత ఊరంత గాడనే ఉండె. ప్రాజెక్టు కట్టినంక మునిగిపాయె. గుళ్లు ఇప్పి పైకి తెచ్చి కట్టిండ్రు. ఇండ్లు ఎవరు తెస్తరు? మా తాత ఇల్లు గిట్ల పడవకిందికెల్లి పోతది, నేను దాని మీదికెల్లి దినాం పోత." దేవుళ్లను రాయి రాయి లెక్కగట్టి తెచ్చినవాళ్లకు మనుషుల గడపలు కనిపించలేదా అని నేను అక్కడే ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. రాములు సగంలోనే, "నువ్వు మాట్లాడు పెద్దాయనా, నేను చేపలు కాలుస్త," అని లేచాడు. ఆ చేప మాత్రం గొప్పగా ఉంది. మేము పులుసులో వేసి చంపే చేపను వాళ్లు ఉప్పూ కారం రాసి నిప్పుల మీద కాల్చి ఊరుకుంటారు.

కొల్లాపూర్ దాటాక

కొల్లాపూర్‌లో ఎటు చూసినా మామిడిపళ్లే. ఏరి ఏరి నాలుగు పళ్లు కొనుక్కుని వనపర్తి బస్సు ఎక్కాను. పక్క సీట్లో మొగుడూ పెళ్లాం, కాళ్ల దగ్గర రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక మూట. పుణెలో ఇళ్లు కట్టే పని నుంచి వస్తున్నారు. పిల్లలు ఊళ్లో అవ్వ దగ్గర ఉన్నారట. ఆమె నా కాళ్ల వైపు చూసి, "తాతా, రెండు రంగుల చెప్పులేసుకొని పెండ్లికి పోతున్నవా?" అని అడిగింది.

"నీ మొగుణ్ని అడుగు, పుణెలో ఇదే ఫ్యాషన్ కాదా?" అన్నాను.

ఆయన సిగ్గుపడి నవ్వాడు. "మాకేం ఎరుక తాతా. మాకు సిమెంటు రంగొక్కటే ఎరుక."

మామిడిపండు చెరొకటి ఇచ్చాను. ఆమె తినలేదు, పిల్లల కోసమని కొంగులో కట్టుకుంది. రెండు నదులు పారే నేల ఇది. కొల్లాపూర్ నుంచి పెబ్బేరు దాకా కాలువల్లో నీళ్లు కూడా చూశాను. ఇంత నీరున్న చోటినుంచి మనుషులు ఇటుకలు మొయ్యడానికి పుణె దాకా ఎందుకు పోవాలి? అడిగితే ఆయన, "నీళ్లు వచ్చినయి తాతా, నీళ్లకంటె ముందుగాల భూమి పోయింది," అన్నాడు.

శ్రీరంగాపూర్

నాకా ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు. ఆ నలుగురిలో ఆఖరివాడు చనిపోయే ముందు, శ్రీరంగాపూర్ నుంచి ఏటి వైపు పోయే బాట మీద అని చెప్పాడట. గుడి చుట్టూ, చెరువు కట్ట మీద ఇద్దరు ముగ్గురిని అడిగాను. పంచె కట్టిన పెద్దమనిషి ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "ఈడ యుద్ధమా? రాజులప్పుడా?" అన్నాడు. కాదు, మా నాన్న కాలంలో అన్నాను. "గయితే మాకు ఇనపడుతుండె గద," అన్నాడు ధీమాగా. ఏడుగురు చచ్చిపోతే చుట్టుపక్కల వినపడలేదు. మా ఊళ్లో ఏడు పేర్లూ రాతి మీద చెక్కించారు. చచ్చిన చోట ఒక గులకరాయి కూడా లేదు.

బాట చివర రేకుల కింద ఒకామె జొన్నరొట్టెలు చేస్తోంది. పేరు మరియమ్మ. గోడకు శిలువ, దాని పక్కన కొడుకు ఫోటో. రొట్టె చేత్తో తట్టి పెనం మీద వేస్తే, తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి తిప్పేస్తుంది. మా వైపు కూడా ఇంతే చేస్తారు, కానీ ఆమె రొట్టె మా రొట్టె కంటే పల్చన. ఇరవై రూపాయలకు రెండు రొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. తింటూ ఆమెకూ అదే కథ చెప్పాను. ఆమె నాకా మాట పట్టించుకోలేదు.

"జొన్నలు అంటివి గద. గా ఏటి ఒడ్డున జొన్నల రేవు ఉంది, దాని సంగతా?"

రొట్టె నా నోట్లోనే ఆగిపోయింది. "జొన్నల రేవా?"

"మా అత్త చెప్పేది. ఎప్పుడో ఎవరో ఆడ జొన్నల మూటలు కుప్పేసిండ్రంట. వానకు తడిసి, మూటలు పగిలి, ఒడ్డంత జొన్న మొలిచిందంట. అప్పటినుంచి గదే పేరు. అవతలి ఒడ్డు ఊరోళ్లు ఇప్పటికి విత్తనాలప్పుడు వచ్చి దోసెడు జొన్నలు చల్లిపోతరు. ఎందుకో నాకు తెల్వదు. వాళ్లనే అడుగు."

జొన్నల రేవు

నా జీవితమంతా నేను ఊళ్లో ఒకే వాదన చేశాను: అసలు అక్కడ జొన్నలే లేవు, పారిపోయి వచ్చినవాళ్లు తమ పిరికితనం దాచుకోవడానికి అల్లిన కథ అది. చాకలి బండ దగ్గర, సారా కొట్టు దగ్గర, పంచాయతీ ఆఫీసులో, ఎక్కడ పడితే అక్కడ ఈ మాట మీద కొట్లాడాను. ఒకసారి దెబ్బలు కూడా తిన్నాను.

ఇప్పుడు ఆ జొన్నల పేరున్న ఒడ్డు మీద నిలబడ్డాను. నల్లరేగడి, తుమ్మచెట్లు, ఏటిలో నీళ్లు పైకి తోడే మోటార్ల చప్పుడు. అవతలి గట్టు కళ్లకు ఆనుతూనే ఉంది. పరుగెత్తి వచ్చినవాడికి అది ఎంత దగ్గరగా, ఎంత దూరంగా కనిపించి ఉంటుందో అనుకున్నాను. ఎండ మాడిపోతోంది. జొన్నలు ఉన్నాయి. అంటే ఆ నలుగురూ అబద్ధం చెప్పలేదు. అంటే మా నాన్న?

అక్కడినుంచే వెనక్కి పోదామనుకున్నాను. అక్కకు ఏదో ఒకటి చెప్పొచ్చు, ఎవరూ దొరకలేదని చెప్పొచ్చు. రోడ్డు దాకా వచ్చి కర్నూలు బస్సుకు చెయ్యి కూడా ఎత్తాను. ఆగింది. కండక్టర్ "ఎక్కు తాతా, జల్దీ," అన్నాడు. ఎక్కితే ఆ బస్సు బీచుపల్లి వంతెన మీదుగా గద్వాల పోయేది. బోర్డు సరిగ్గా చూసుకోలేదు. కళ్లజోడుకు రొట్టె పిండి అంటుకొని ఉంది.

గద్వాల, ఆ తర్వాత ఊరు

గద్వాలలో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. అచ్చం మా కర్నూలు ఉగ్గానే. హోటలాయన దాన్ని తమ ఊరిదే అన్నాడు, నేను మాదే అన్నాను, వాదనలో ఆయన ఇంకో గరిటె వేశాడు. మాట మధ్యలో కన్నడం దొర్లుతుంది అక్కడ. లెక్క సరిపోయిందా అంటే "సరి, సాకు," అంటారు.

మరియమ్మ చెప్పిన అవతలి ఒడ్డు ఊరు అక్కడికి ఆటోలో గంట. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉంటుంది, ఆ రోజుల్లో అదీ నిజాం రాజ్యమే. రాయచూరు వైపు వియ్యాలందుకునే ఊరు. ఏటి ఒడ్డున జొన్నలు చల్లే సంగతి అడగ్గానే అందరూ ఒకే ఇల్లు చూపించారు. తిమ్మక్క అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాకంటే పెద్దది. చూపు కొంచెం మందగించింది, గొంతు మాత్రం గట్టిది.

"యాడికెల్లి వచ్చినవు పెద్దాయనా? జర కూసో. నీళ్లు తాగు."

ఎవరి కొడుకునో చెప్పలేదు. అవతలి కర్నూలు వైపు అని మాత్రం చెప్పాను. జొన్నలు ఎవరివి అని అడిగాను.

"మావే," అంది, నేను అడగడమే వింత అన్నట్టు. "మా నాయన దాటిచ్చినయి. మీ దిక్కు నుంచే గాజులాయన వచ్చి కబురు చెప్పిండు. ఫలానా దినం తెల్లారేసరికి అవతలి ఒడ్డున మూడు పుట్లు ఉండాలె, ఎవ్వనికి తెల్వొద్దు అని. మూడు పుట్లంటే మాటలా? కరువు కాలం! మా నాయన ఏమనుకున్నడు, గింత తిండి అడిగిండ్రంటే పెద్ద ఫౌజే వస్తుంది, ఇగ మన తిప్పలు తీరినట్టే అనుకున్నడు. ఇల్లిల్లు తిరిగిండు. విత్తనాలకు దాసినయి గూడ ఇచ్చిండ్రు జనం."

"జొన్నలు కాదు తిమ్మక్కా. నేను అడిగేది పుట్లు."

"అవే చెప్తున్న గద. మూడు పుట్లు."

"అవి కాదు. ఏట్లో పొయ్యే పుట్టి." చేతికర్రతో మట్టిలో సున్నా గీశాను. "గుండ్రంగ ఉంటాది. తోలు కడతారు. మనుషులు ఎక్కి దాటుతారు."

ఆమె వంగి చూసింది. "గది అరిగోలు."

"మా వైపు దాన్నే పుట్టి అంటాం."

"పుట్టి అంటరా!" అని నవ్వింది. "పుట్టంటే ఇరవై తూములు. దాంట్ల మనుషులెట్ల కూసుంటరయ్యా?"

"మరి ఆ రోజు అరిగోళ్లు..."

"ఉండె. నాలుగు. జొన్నలు దాటిచ్చింది దాంట్లనే. మూటలు దించి, తెల్లారకముందే వాపస్ తెచ్చిండ్రు. ఎవరన్న చూస్తరని నేనే ఈ ఒడ్డున నిలబడి బిరబిర రాండ్రి, రాండ్రి అని పిలిచిన. పదేండ్ల పిల్లను."

అన్నాక ఆమె చేతిలో గింజ ఆగిపోయింది. మట్టిలో నేను గీసిన సున్నాను మళ్లీ చూసింది. నేను దాన్ని కాలితో చెరిపెయ్యబోయాను. ఆమె నా చెప్పు పట్టుకొని ఆపింది.

"వాళ్లు అరిగోళ్లు అడిగిండ్రా?"

మా ఊళ్లో రెండర్థాలూ ఒకే మాటలో ఉన్నాయి. మమ్మల్ని తిట్టిన ప్రతివాడూ ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టి తిట్టాడు. ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. అవతలికి పోయేసరికి ఆ మాటలో ఒక్క అర్థమే మిగిలింది. మా నాన్న అమ్ముకోలేదు. దీని కోసమే వచ్చాను. గట్టిగా అరిచి చెప్పాల్సిన మాట అది. ఎదురుగా కూర్చున్న ముసలామె నా మొహంలోకి చూస్తోంది. ఆ మాట చెబితే ఏడుగురి చావూ పోయి ఆమె తండ్రి తల మీద, పదేళ్ల పిల్ల కేక మీద పడుతుంది.

"తప్పు మీ నాయనది కాదు," అన్నాను. "కబురు పంపింది మా నాన్న. పడవలు అని ఒక్క మాట కలిపి ఉంటే సరిపోయేది. చెప్పలేదు."

"నా కోసం చెప్తున్నవా?"

"జరిగింది చెప్తున్నాను."

ఆమె చింతపండు పక్కకు జరిపింది. తర్వాత తనంతట తనే చెప్పింది. మూటలు నిజాం పోలీసుల కంట పడ్డాయి. ఎవరివో తెలుసుకొని ఆమె తండ్రిని పట్టుకుపోయారు. ఇంటికి వచ్చాక ఆయన ఒక కాలు ఈడుస్తూ నడిచేవాడు. ఆ ఏడు ఊళ్లో విత్తనం లేదు. చింతగింజలు ఉడకబెట్టుకొని తిన్నారు. ఆమె తమ్ముడు ఆ ఏడే పోయాడు. ఇన్నేళ్లూ ఊళ్లో ఆయన్ను కూడా అన్నారట, లేని ఫౌజుకు మా తిండి పెట్టినవు అని.

"అయినా చల్లుతున్నారు కదా జొన్నలు?"

"మా నాయన మొదలు పెట్టిండు. ఆడ సచ్చినోళ్లు తినకుండ పోయిండ్రని. ఆకలితోని వచ్చుంటరు, జొన్నలు ముట్టకుండ పోయిండ్రని ఒకటే బాధ ఆయనకు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాళ్లు అడిగింది తిండే కాకపాయె గద పెద్దాయనా."

నాకు అంబలి ఇచ్చింది. తాగాను. వచ్చేటప్పుడు ఆమె కాళ్లు మొక్కుదామనుకున్నాను. నా కంటే ముందు ఆమే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అది చూసి నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఆటోవాడు తొందర పెడితే వాణ్ని తిట్టి సర్దుకున్నాను.

ఇల్లు

సాయంత్రానికి మా ఊరు చేరాను. అక్క గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. అంతా చెప్పాను. పుట్టి, అరిగోలు అని రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి తనే అని చూసుకుంది.

"అయితే అమ్మలేదు."

"అమ్మలేదక్కా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆ యమ్మ తిన్నిందా, నువ్వు వచ్చేటప్పుడు?" అని అడిగింది. తెలియదన్నాను. "అడగాల్సింది," అంది. కొంచెం సేపటికి, "ఎన్ని దినాలు పట్టింది నీకు?" అంది.

"నాలుగు రోజులు."

"నాలుగు దినాలు." వేళ్లు మడిచి చూసుకుంది, చిన్నపిల్లలా. "నాయన పోయి యాభై ఏండ్లు దాటింది. ఆయప్ప బతికుండంగానే నువ్వు మీసాలొచ్చిన మొగోడివి. ఊర్లో ప్రతివాని గల్లా పట్టుకొన్న్యావు. అర్జీలు రాసినావు. తల పగలగొట్టించుకొన్న్యావు. ఏరు దాటేదానికి నాలుగు దినాలు దొరకలేదా?"

"అప్పుడు పరిస్థితులు..."

"నా తాన చెప్పొద్దురా." గొంతు పెంచలేదు. "భయపడినావు. పోతే నిజమని తేలుతాదేమోనని."

 

"నాయనకు తెలుసు," అంది అక్క. "కొడుకు తన కోసం కొట్లాడతాడు గానీ తనను నమ్మడు అని తెలుసు. అందుకే నీ ముందర ఆ మాట ఒక్కసారి గూడా ఎత్తలేదు. నాతో చెప్పేవాడు, నేను అమ్మలేదు పాపా అని. నీతో చెప్పలేదు."

ఈ నాలుగు రోజుల ప్రయాణం ఊరందరికీ చదివి వినిపించాలనే రాయడానికి కూర్చున్నాను. రాస్తూ ఒక్కొక్క పేరే తలుచుకున్నాను. మమ్మల్ని తిట్టినవాళ్లు, బడిలోంచి గెంటినవాళ్లు, తిరిగి వచ్చిన ఆ నలుగురు, అందరూ పోయారు. వాళ్ల మనవలకు ఈ గొడవే తెలియదు. మా నాన్న పిల్లల్ని అమ్ముకున్నాడని నమ్మినవాళ్లలో ఇంకా బతికి ఉన్నది నేనొక్కణ్నే.